షటిల్ కోర్టులో ఒక పెద్ద దిక్కును సంపాదించుకోవడం ఎలా?

ఉద్యోగంలో చేరాక మనకు మంచీ చెడ్డా చెప్పే మనిషి దొరకడం కష్టం. ఆఫీసులో సీనియర్ ఉంటారు గానీ మన అప్రైజల్ రాసేదీ ఆయనే కాబట్టి మనసులో ఉన్నది విప్పి చెప్పలేం. ఇంట్లో చెబితే నాన్న టెన్షన్ పడతారు. ఈ రెంటికీ బయట ఉన్న చోటు పొద్దున్నే షటిల్ ఆడే కోర్టు. రిటైరైన బ్యాంకు మేనేజరు, హార్డ్‌వేర్ షాపు ఓనరు, డాక్టరు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు అందరూ అక్కడ ఒకే నెట్‌కు అటూ ఇటూ నిలబడతారు. మీకు దారి చూపగల మనిషి వాళ్లలో ఉండే అవకాశం చాలా ఎక్కువ, కాకపోతే దానికి కొంచెం పద్ధతిగా వెళ్లాలి.

ముందు కోర్టు సంగతి. యాప్‌లో గంట లెక్కన బుక్ చేసుకునే కోర్టులు ఆటకు బాగుంటాయి గానీ ఈ పనికి అక్కరకు రావు. మనతో వచ్చిన నలుగురితోనే ఆడతాం, గంట అవగానే తర్వాతి బ్యాచ్ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది, ఇంక ఎవరితో మాట్లాడతాం? నెలవారీ మెంబర్‌షిప్ ఉండే చోటు చూసుకోండి. మున్సిపల్ ఇండోర్ స్టేడియం, ఆఫీసర్స్ క్లబ్, రైల్వే ఇన్‌స్టిట్యూట్, లేదా కాలనీవాళ్లు చందాలేసుకుని కట్టుకున్న షెడ్డు, ఏదైనా సరే. సాయంత్రం బ్యాచ్‌లో మన వయసువాళ్లే ఎక్కువ, పెద్దవాళ్లు కావాలంటే పొద్దున్నే లేవాల్సిందే.

కొత్తవాళ్లను మొదట్లో ఎవరూ ఆటలో కలుపుకోరు, దానికి బాధపడకండి. షటిల్స్ డబ్బా ఒకటి మీరే కొని తీసుకెళ్లండి, అందరి షటిల్స్‌తో ఆడి వెళ్లిపోయేవాణ్ని ఏ క్లబ్బులోనూ ఇష్టపడరు. అయిదోవాడు పక్కన కూర్చోవాల్సి వస్తే మీరే కూర్చోండి, ఎందుకంటే అసలు మాటలు నడిచేది ఆ బెంచీ మీదే. పెద్దాయన కదా అని ఎదురుగా ఉన్నప్పుడు మెల్లగా కొట్టకండి. వాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది, చిన్నతనంగా అనిపిస్తుంది కూడా. గట్టిగా ఆడండి, ఓడిపోతే ఎక్కడ దొరికిపోయారో అడగండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఎలా తేలుతుంది? హోదా చూడకండి, లైన్ కాల్ చూడండి. క్లబ్ ఆటల్లో అంపైర్ ఉండడు, తన వైపు పడ్డ షటిల్ లోపల పడిందా బయట పడిందా అన్నది ఆ వైపువాళ్లే చెప్పాలి. గేమ్ చివర్లో స్కోరు పంతొమ్మిది ఆల్, అంటే చెరి పంతొమ్మిది ఉన్నప్పుడు, చూసినవాళ్లు ఎవరూ లేనప్పుడు, "లోపలే, పాయింటు మీదే" అని చెప్పే మనిషిని గుర్తుపెట్టుకోండి. రెండోది, పార్ట్‌నర్ తప్పు చేస్తే ఆయన ఏం చేస్తారో చూడండి. మా కోర్టులో ఒక అంకుల్ ఉండేవారు, పార్ట్‌నర్ సర్వీస్ నెట్‌కు కొడితే తనే వెళ్లి షటిల్ తీసి, ఈకలు వేళ్లతో సవరించి, చేతికిచ్చి "తర్వాతది చూద్దాం" అనేవారు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. ఆయన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి జీతం ఎలా మాట్లాడుకోవాలో నాకు అందరికంటే బాగా చెప్పింది ఆయనే. ముందు అంకె ఎవరి నోట రావాలి, చెప్పాక ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలి, ఎక్కడ లేచి వచ్చేయాలి, ఇవన్నీ రోజూ రైతుకూ కొనేవాడికీ మధ్య కూర్చునే మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తాయి? మీ రంగంవాళ్లనే వెతక్కండి అనేది ఇందుకే.

మాట కలపడానికి ఆటే చాలు. 2006కు ముందు ఆడినవాళ్లను పాత లెక్క గురించి అడగండి. అప్పట్లో డబుల్స్ గేమ్ 15 పాయింట్లకు, సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు వచ్చేది, జట్టుకు రెండేసి సర్వీసులు. ఇప్పటి 21 పాయింట్ల ఆట మంచిదా అదే మంచిదా అంటే చాలు, టీ అయ్యేదాకా చెబుతారు. 2001లో గోపీచంద్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచినప్పుడు ఎక్కడున్నారో అడగండి. కాస్త పెద్ద వయసువాళ్లయితే కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడి ఉంటారు, అదే, ఊలు బంతితో అయిదుగురేసి ఆడేది. ఊరికే పొగడటం కంటే ఇలా ఆసక్తిగా అడగడమే నయం, మీకూ ఆ మనిషి ఎలాంటివారో తెలుస్తుంది.

ఇక అసలు విషయం. "సార్, మీరు నాకు మెంటార్‌గా ఉంటారా?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ఎదుటి మనిషి ఇబ్బంది పడతారు, ఏం చేయాలో ఆయనకూ తెలియదు. "లైఫ్‌లో పైకి రావాలంటే ఏం చేయాలి" అన్నా అంతే. చేతిలో ఉన్న ఒక్క నిర్ణయం గురించి అడగండి. "అంకుల్, హైదరాబాద్‌లో ఒక ఆఫర్, ఇక్కడ ఒకటి ఉంది, అమ్మకు ఒంట్లో బాగుండట్లేదు, మీరైతే ముందు ఏం చూస్తారు?" అంటే ఎవరైనా ఆగి ఆలోచించి చెబుతారు. అదీ గేముల మధ్యలో కాకుండా ఆట అయిపోయి చెమట ఆరుతున్నప్పుడు అడగండి. తర్వాత ఏం చేశారో వెళ్లి తప్పకుండా చెప్పండి, ఆయన చెప్పినదానికి వేరేగా చేసినా సరే చెప్పండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, సలహా తీసుకుని మళ్లీ ఆ మాటే ఎత్తరు. తన మాట ఏమైందో తెలిసిన మనిషి రెండోసారి తనే పిలిచి అడుగుతారు.

అమ్మాయిలకు ఒక మాట. లేడీస్ బ్యాచ్ ఉంటే టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు అక్కడ ఉంటారు, ముందు అక్కడ చూడండి. మిక్స్‌డ్ ఆడినా మాటలు నలుగురూ ఉన్న బెంచీ దగ్గరే ఉంచండి. సలహా చెప్పడానికి విడిగా కలవమని పట్టుబట్టే మనిషి మీకు అక్కర్లేదు.

డబ్బు జోలికి వెళ్లొద్దు. అప్పు, చిట్టీ, మా తమ్ముడికి ఉద్యోగం చూడండి లాంటివి మీరు అడగకండి. అటువైపు నుంచి పాలసీ, ప్లాటు, స్కీమ్ అని మొదలైతే "నాకు వద్దు సార్" అని అక్కడికక్కడే చెప్పేసి ఆట కొనసాగించండి.

మోకాళ్ల నొప్పులతో ఆయన ఆడటం మానేస్తే, ఆదివారం క్లబ్ మ్యాచ్‌లకు అంపైరింగ్ చేయమని పిలవండి. మెట్లు ఎక్కలేకపోతే ఒక ఫోన్ చేసి, పాలో పళ్లో పట్టుకుని ఇంటికే వెళ్లండి, ఆరోజు ఎవరు గెలిచారో చెప్పండి.