మేడమీద హాల్లో పూల్ టేబుల్ పడుతుందా?

మా బావగారు రిటైరయ్యాక మేడమీద హాల్లోకి 8 అడుగుల పూల్ టేబుల్ ఎక్కించారు. హాలు 18 అడుగుల పొడవు, 12 వెడల్పు. "టేబుల్ 5 అడుగుల వెడల్పు కూడా లేదోయ్, చుట్టూ బోలెడు చోటు" అన్నారు నాతో. మొదటి రోజు సాయంత్రమే క్యూ (బంతిని కొట్టే కర్ర) వెనక కొస తగిలి, గోడకున్న పెళ్ళి ఫొటో అద్దం పగిలింది. అక్క ఆ వారం పైకి రాలేదు.

అందుకే, ఎవరైనా నన్ను అడిగితే ముందు చెప్పేది ఇదే. 8 అడుగులు అన్నది పిలుపు మాత్రమే. లెక్కకి పనికొచ్చేది ఒక కుషన్ (బంతి తగిలి వెనక్కొచ్చే రబ్బరు గట్టు) అంచు నుంచి ఎదుటి కుషన్ అంచు దాకా ఉండే కొలత. 8 అడుగుల టేబుల్‌కి అది 88 అంగుళాలు, వెడల్పు అందులో సగం, 44. పోటీల్లో వాడే 9 అడుగుల టేబుల్‌కి 100, 50. 7 అడుగుల దానికి తయారీదారుని బట్టి మారుతుంది, చాలావరకు 78, 39 దగ్గర్లో ఉంటుంది. కొనే ముందు టేపు పెట్టి మీరే చూసుకోండి.

ఇప్పుడు క్యూని కలపాలి. మామూలు క్యూ 58 అంగుళాలు. కొలతకి రెండు పక్కలా ఒక్కో క్యూ వేసుకోండి. బావగారి వెడల్పు లెక్క: 44, రెండు 58లు, మొత్తం 160. అంటే 13 అడుగుల 4 అంగుళాలు. పొడవుకి 17 అడుగులు సరిపోయింది, దెబ్బ తగిలింది వెడల్పు దగ్గరే. చెయ్యి వెనక్కి లాగడానికి పక్కకి ఇంకో 6 అంగుళాలు ఉంటే సుఖం. గదిలో స్తంభం ఉంటే అక్కడి నుంచే కొలవాలి.

పాత క్లబ్బుల్లో బిలియర్డ్స్, స్నూకర్ రెండూ ఆడే 12 అడుగుల టేబుల్ మీద మోజుంటే, ఆట స్థలమే 11 అడుగుల 8½ అంగుళాలు, 5 అడుగుల 10 అంగుళాలు. గది 22కి 16 కావాలి. స్లేటు రాళ్ళతో కలిపి టన్ను దాటుతుంది కాబట్టి మేడమీద మాట ఇంజనీరుని అడక్కుండా ఎత్తకండి.

లెక్కలు నచ్చకపోతే, సుద్దముక్కతో నేలమీద 88కి 44 గీత గీసి, క్యూ పట్టుకుని చుట్టూ తిరిగి చూడండి. పది నిమిషాల పని.

బావగారు చివరికి పక్కల నుంచి కొట్టడానికి 48 అంగుళాల పొట్టి క్యూ తెచ్చుకున్నారు. దాంతో 11 అడుగుల 8 అంగుళాల్లో సర్దుకుంటున్నారు. పెళ్ళి ఫొటో కింది ఇంట్లో ఉంది.