సొంతంగా మోషన్ డిజైన్ – 5వ పాఠం: కొటేషన్‌కు ముందు షాట్ల లెక్క

క్రితం పాఠంలో మీ రోజు రేటు తేల్చుకున్నాం. ఇంటి ఖర్చు, సాఫ్ట్‌వేర్ చందా, పన్ను, పని దొరకని రోజులు అన్నీ కలిపి ఒక అంకె వేసుకోమన్నాను. దాన్ని కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి, ఇవాళ దానితో పని ఉంది. షోరీల్ (మీ పని చూపించే చిన్న వీడియో) ఇంకా పూర్తి కాలేదని ఆగిపోయినవాళ్లు కూడా ఈ పాఠం చదివేయవచ్చు. రీల్ 45 సెకన్లు ఉన్నా చాలు, మీ దగ్గరున్న మంచి షాట్లు ముందు పెట్టి వదిలేయండి.

క్లయింట్ నుంచి వచ్చే మొదటి మెసేజ్ ఇంచుమించు ఇలా ఉంటుంది: "మా యాప్‌కి 40 సెకన్ల యానిమేషన్ వీడియో కావాలి. ఎంతవుతుంది?" కొత్తవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. సెకనుకు ఇంత అని మనసులో గుణించి, అడిగిన నిమిషంలోనే ఒక అంకె చెప్పేస్తారు. తెల్ల తెర మీదికి ఒక వాక్యం జారుకుంటూ వచ్చి నిలబడటానికి 4 సెకన్లు. ఒక అమ్మాయి సైకిల్ దిగి, తలుపు తీసి, ఫోన్ చూసి నవ్వడానికీ 4 సెకన్లే. మొదటిది రెండు గంటల పని. రెండోదానికి బొమ్మ గీయాలి, కాళ్లూ చేతులూ విడివిడి లేయర్లు చేయాలి, రిగ్ కట్టాలి (కాళ్లూ చేతులూ కీళ్ల దగ్గర వంగేలా ముడివేయాలి), నడక కుదిరేదాకా కూర్చోవాలి. మూడు రోజులు ఎటు పోయాయో తెలియదు. రెండింటికీ ఒకే ధర చెబితే నష్టం ఎవరికో చెప్పక్కర్లేదు.

అందుకే ధర అడగ్గానే మీరు అడగాల్సింది స్క్రిప్ట్. స్క్రిప్ట్ లేదంటే, అది రాయడం కూడా ఒక పని, దానికీ రోజులు వేయాలి. ఉందంటే గడియారం పెట్టుకుని పైకి చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కళ్లు నోటికన్నా వేగంగా పరిగెడతాయి. 40 సెకన్లన్న స్క్రిప్ట్ పైకి చదివితే 55 వచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఆ సంగతి ధర చెప్పకముందే క్లయింట్‌కి చెప్పండి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

ఇప్పుడు ఆ స్క్రిప్ట్‌ని షాట్లుగా విడగొట్టండి. తెర మీద కొత్త బొమ్మ ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఒక గీత. మన 40 సెకన్ల యాప్ వీడియోకి 9 షాట్లు వచ్చాయనుకుందాం. అందులో 4 సులువైనవి: అక్షరాలు, ఐకాన్లు, లోగో. ఒక్కోదానికి అరరోజు, మొత్తం 2 రోజులు. మూడు మధ్యరకం: ఫోన్ తెర మీద యాప్ నడిచేవి, గ్రాఫ్ పెరిగేది. ఒక్కోదానికి రోజు, మొత్తం 3. మిగిలిన 2 షాట్లలో మనిషి బొమ్మ కదలాలి. ఒక్కోదానికి 2 రోజులు, మొత్తం 4. అంటే ఒక్క యానిమేషనే 9 రోజులు.

అది మొత్తం పనిలో సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే. స్క్రిప్ట్ చూసి ప్రశ్నలు అడగడానికి అరరోజు, స్టోరీబోర్డ్‌కి (షాట్లను వరసగా గీసిన బొమ్మలు) ఒకటిన్నర రోజు, స్టైల్ ఫ్రేమ్‌లకు 2, యానిమాటిక్‌కి 1, సౌండ్‌కి 1, రెండర్ చేసి (తుది వీడియోగా మార్చి) ఫైళ్లు పంపడానికి అరరోజు, మార్పులకు ఒకటిన్నర. అన్నీ కలిపితే 17 రోజులు. దీనిమీద 20 శాతం ముందే కలుపుకోండి. కంప్యూటర్ మొరాయిస్తుంది, క్లయింట్ లోగో ఫైల్ నాలుగు రోజులు ఆలస్యంగా పంపిస్తాడు, మీకు జ్వరం వస్తుంది. 17 మీద 20 శాతం 3.4. మొత్తం సుమారు 20 రోజులు. మీ రోజు రేటుతో గుణించండి, అదీ మీ కొటేషన్. లెక్క వేయకుండా చెబితే నోటికొచ్చే "ఒక వారం" ఎక్కడ, ఈ 20 రోజులు ఎక్కడ!

యానిమేషన్ మొదలుపెట్టకముందు చేసే పనులకు ఇన్ని రోజులు ఎందుకని మీకే కాదు, క్లయింట్‌కీ అనిపిస్తుంది. స్టైల్ ఫ్రేమ్ అంటే వీడియోలో ఒక క్షణాన్ని పూర్తిగా తయారు చేసి చూపించే నిశ్చల చిత్రం. రంగులు, అక్షరాల రకం, బొమ్మల తీరు అన్నీ అందులో ఖాయమైపోతాయి. రెండో మూడో చేస్తే సరిపోతుంది. ఆ దశలో "నీలం బదులు ఆకుపచ్చ పెడదాం" అంటే పది నిమిషాల పని. అదే మాట 9 షాట్లూ కదిలాక వస్తే, ఏ ప్రీకంప్ (కొన్ని లేయర్లను కలిపి కట్టిన మూట) లోపల ఏ నీలం దాక్కుందో వెతుక్కుంటూ ఒక రోజు పోతుంది.

యానిమాటిక్ ఇంకా ముఖ్యం. స్టోరీబోర్డ్ బొమ్మల్ని టైమ్‌లైన్ మీద పేర్చి, మీ గొంతుతోనే స్క్రిప్ట్ చదివి కింద పెట్టండి. గొంతు బాగుండక్కర్లేదు. ఏ షాట్ సాగిపోతోందో, ఏది కంటికి అందకముందే వెళ్లిపోతోందో ఇక్కడే తెలిసిపోతుంది. చాలామంది క్లయింట్లు యానిమాటిక్ ఎప్పుడూ చూసి ఉండరు. "ఇదేంటి, బొమ్మలు కదలడం లేదు?" అని టెన్షన్ పడతారు. ఫైల్ పంపేటప్పుడే రెండు ముక్కలు రాయండి: ఇప్పుడు కదలిక చూడొద్దు, కథ నడక, సమయం మాత్రం చూడండి అని.

ఇది ఆమోదం పొందాక అసలు వాయిస్ రికార్డ్ చేయించండి. వాయిస్ చేతికి రాకుండా ఒక్క కీఫ్రేమ్ (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు) కూడా వేయకండి. వాయిస్ ఆర్టిస్ట్ మీకన్నా నెమ్మదిగా చదివితే ప్రతి షాట్ పొడవూ మారుతుంది, మీరు ఓపిగ్గా సరిచేసిన ఈజింగ్ (కదలిక వేగం మెల్లగా పెరిగి తగ్గే తీరు) అంతా మళ్లీ మొదటికొస్తుంది.

మార్పుల సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదట్లో ఒక పనికి "మీకు నచ్చేదాకా మారుస్తాను" అని ధైర్యంగా రాసిచ్చాను. స్టోరీబోర్డ్ ఓకే, స్టైల్ ఫ్రేమ్ ఓకే, యానిమేషన్ కూడా ఓకే. చివరి వీడియో పంపాక మెసేజ్ వచ్చింది: మా పెద్దాయన ఇప్పుడే చూశారు, మనిషి బొమ్మ వద్దంటున్నారు. ఆ పెద్దాయన అంతవరకూ ఒక్క ఫ్రేమ్ చూడలేదు! నాతో మాట్లాడిన కుర్రాడి తప్పు కూడా కాదు, నేను అడగనేలేదు. మనిషి ఉన్న షాట్లన్నీ తీసేసి మళ్లీ చేశాను, ఊరికే. ఆ తర్వాత నుంచి నా మొదటి ప్రశ్న ఇదే: చివరి మాట ఎవరిది, ప్రతి దశా వాళ్లు చూస్తారా?

కొటేషన్‌లో ఈ ముక్క ఇలా రాయొచ్చు, కావాలంటే యథాతథంగా వాడుకోండి: "స్టోరీబోర్డ్, స్టైల్ ఫ్రేమ్, యానిమేషన్ – ప్రతి దశలో రెండు విడతల మార్పులు ఈ ధరలోనే ఉన్నాయి. ఒక విడత అంటే మీ వైపు అందరి అభిప్రాయాలూ కలిపి ఒకేసారి పంపడం. ఆమోదించిన దశకు తిరిగి వెళ్లాల్సి వస్తే రోజు రేటు ప్రకారం అదనం. నా వల్ల జరిగిన పొరపాట్లు ఎన్నిసార్లైనా ఉచితంగా సరిచేస్తాను." చివరి వాక్యం తీసేయకండి. ముందున్న మూడు వాక్యాల బిగువును అదే తగ్గిస్తుంది.

చిన్న మార్పు అనిపించేది రెండర్‌లో ఎంత తింటుందో కూడా చూడండి. సెకనుకు 25 ఫ్రేములైతే 30 సెకన్ల వీడియోలో 750 ఫ్రేములు. బ్లర్, త్రీడీ ఉండి ఒక్కో ఫ్రేముకి 20 సెకన్లు పట్టిందంటే 15,000 సెకన్లు, అంటే 4 గంటల 10 నిమిషాలు. ప్రతి షాట్‌నూ తాకే మార్పు సాయంత్రం ఆరింటికి వస్తే రాత్రి మీది కాదు.

ఇక సైజులు. "అదే వీడియోని రీల్స్‌కి నిలువుగా కూడా ఇచ్చేయండి" అంటారు, అదేదో బటన్ నొక్కితే అయిపోయే పని అన్నట్టు. 1920×1080 ఫ్రేములోంచి 9:16 ముక్క కోస్తే మిగిలే వెడల్పు సుమారు 607 పిక్సెళ్లు, మూడో వంతు కూడా కాదు. పక్కపక్కన పెట్టిన బొమ్మల్ని ఒకదాని కింద ఒకటి మళ్లీ అమర్చాలి, అక్షరాలు మళ్లీ పేర్చాలి. నిలువు సైజు కావాలా అని మొదటి రోజే అడగండి. ముందే తెలిస్తే రెండింటికీ కుదిరేలా డిజైన్ చేయవచ్చు, అదనంగా 2, 3 రోజులు వేస్తే సరిపోతుంది.

ఫైల్ ఏ రూపంలో కావాలో కూడా అప్పుడే అడగండి. మామూలుగా చూసుకోవడానికి హెచ్.264 అనే మామూలు వీడియో రూపం చాలు, కానీ వెనక పారదర్శకంగా ఉండాలంటే అది పనికిరాదు, ప్రోరెస్ 4444 లాంటిది ఇవ్వాలి. యాప్ లోపల నడిచే యానిమేషన్ అయితే లాటీ అడుగుతారు, అంటే యానిమేషన్‌ని వీడియోగా కాకుండా యాప్‌లోనే అక్కడికక్కడ గీసి చూపించే లైబ్రరీకి సరిపడే ఫైల్. 2017లో ఎయిర్‌బీఎన్‌బీ విడుదల చేసిన ఈ లైబ్రరీకి, నల్లకాగితం కత్తిరించి నీడబొమ్మలు ఆడించిన జర్మన్ యానిమేటర్ లాటె రైనిగర్ పేరు పెట్టారు. పేరు ముచ్చటగా ఉంది కదా అని ఏమరుపాటుగా ఉండకండి: ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో (యానిమేషన్ చేసే అడోబీ సాఫ్ట్‌వేర్) మీరు వాడే ఎఫెక్ట్స్ చాలావరకు అందులోకి రావు. లాటీ అని ముందే తెలిస్తే మొదటి నుంచీ షేప్ లేయర్లతోనే (సాఫ్ట్‌వేర్‌లోనే గీసిన గీతలు, ఆకారాలు) కడతారు. చివర్లో తెలిస్తే మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. మొదలుపెట్టేముందు సగం, యానిమాటిక్ ఆమోదించాక పావు, చివరి ఫైళ్లు ఇచ్చేముందు పావు. అడ్వాన్స్ ఇవ్వడానికి నసిగేవాళ్లు చివరి పావుకీ నసుగుతారు. ప్రాజెక్ట్ ఫైల్ ఈ ధరలో ఉందో లేదో స్పష్టంగా రాయండి, ఫాంట్, మ్యూజిక్ లైసెన్సులు క్లయింట్ పేరు మీదే కొనిపించండి.

ఇవాళ్టి అభ్యాసం. మీకు నచ్చిన 30 సెకన్ల యానిమేషన్ ప్రకటన ఒకటి తీసుకుని, సౌండ్ తీసేసి చూడండి. షాట్లు లెక్కపెట్టి ఒక్కోదాని పక్కన సులువు, మధ్య, కష్టం అని రాయండి. మీ చేతికి ఒక్కోదానికి ఎన్ని రోజులు పడుతుందో వేయండి. ఇప్పుడు అందులోంచి ఒక మధ్యరకం షాట్ ఎంచుకుని, అలాంటిదే మీ సొంత బొమ్మలతో నిజంగా చేయండి, గంటలు రాసుకుంటూ. నాకు మొదటిసారి ఒక రోజు అనుకున్నది రెండున్నర పట్టింది. మీకూ అలాగే తేడా వస్తే అంచనా కొట్టేయకండి, దాని పక్కనే అసలు గంటలు రాయండి. 6వ పాఠంలో ఒప్పంద పత్రం రాసేటప్పుడు ఆ రెండు అంకెలూ కావాలి.