కృత్రిమ గెలాక్సీ గుచ్ఛాలలో పదార్థపు ఆకారాన్ని కొలిచే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు, కంప్యూటరులో సృష్టించిన గెలాక్సీ గుచ్ఛాలలో (గురుత్వంతో కలిసి ఉన్న గెలాక్సీల గుంపుల్లో) పదార్థం ఏ ఆకారంలో ఉందో ఇంటి కంప్యూటరులోనే కొలవవచ్చు. విశ్వంలో గెలాక్సీలు ఏర్పడే తీరును కంప్యూటరులో అనుకరించే ఇలస్ట్రిస్ టీఎన్‌జీ సిమ్యులేషన్ల సమాచారం 2018 డిసెంబరు నుంచి పేరు నమోదు చేసుకున్నవారికి ఉచితంగా దొరుకుతోంది. అందులో టీఎన్‌జీ300 అనే అనుకరణ పెట్టె భుజం సుమారు 300 మెగాపార్సెక్‌లు (ఒక మెగాపార్సెక్ అంటే దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు).

ముందుగా ఒక గుచ్ఛాన్ని ఎంచుకొని, దాని కేంద్రం నుంచి ప్రతి కణం (సిమ్యులేషన్‌లో పదార్థాన్ని సూచించే ముక్క) స్థానాన్ని లెక్కించాలి. పెట్టె అంచు దాటిన కణాలు ఎదుటి వైపున కనిపిస్తాయి కాబట్టి, వాటిని సరిచేయకపోతే ఆకారమంతా తప్పుతుంది. తరువాత స్థాన నిరూపకాల లబ్ధాల సగటుతో ఆకార టెన్సర్‌ను (పదార్థం ఏ దిశలో ఎంత పరుచుకుందో చెప్పే 3×3 మాత్రికను) కట్టాలి. ఆ మాత్రిక నుంచి వచ్చే ఐగెన్ విలువలనే సంఖ్యల వర్గమూలాలు మూడు అక్షాల నిష్పత్తిని, ఐగెన్ సదిశలు వాటి దిశలను ఇస్తాయి. గోళంలోని కణాలతో ఒక్కసారి లెక్కిస్తే ఆకారం అసలుకన్నా గుండ్రంగా వస్తుంది. అందుకే వచ్చిన దీర్ఘవృత్తజంలోని (సాగిన గోళం వంటి ఆకారంలోని) కణాలతో మళ్లీ లెక్కిస్తూ, నిష్పత్తి స్థిరపడేదాకా కొనసాగాలి. ఈ ఓపికే ఫలితానికి ప్రాణమని నా నమ్మకం.

కృష్ణ పదార్థం (కాంతిని వెలువరించని, గురుత్వంతో మాత్రమే తెలిసే పదార్థం) సాధారణంగా పొదలకూరు నిమ్మకాయలా ఒక దిశలో సాగి ఉంటుంది. వేడి వాయువు గురుత్వ విభవాన్ని (గురుత్వ శక్తి ఎక్కడెంతో చెప్పే విలువను) అనుసరిస్తుంది, ఆ విభవం పదార్థంకన్నా గుండ్రంగా ఉంటుంది గనుక వాయువూ మరింత గుండ్రంగా ఉంటుంది.

గుచ్ఛం మధ్యలోని గెలాక్సీ, గుచ్ఛం ఒకే దిశలో సాగి ఉన్నాయా అనే అమరికను చూడటానికి కేంద్ర గెలాక్సీ దీర్ఘాక్షానికీ, గుచ్ఛపు దీర్ఘాక్షానికీ మధ్య కోణపు కొసైన్‌ను, ప్లస్, మైనస్ గుర్తు వదిలి, తీసుకోవాలి. దిశలు యాదృచ్ఛికమైతే అనేక గుచ్ఛాల సగటు 0.5 వస్తుంది, మధ్యస్థ కోణం 45 కాదు, 60 డిగ్రీలు. సగటు 0.5ను స్పష్టంగా మించినప్పుడే అమరిక ఉందని రాయాలి.