మొక్క నాటే ముందు గుంతలో నీళ్లు పోసి చూడండి

పాడేరు, అరకు వైపు కొండవాలుల్లో మిరియం తీగ పెట్టేవాళ్లకు పెద్ద టెన్షన్ వేరుకుళ్లు, అంటే నీరు నిలిచి వేర్లు కుళ్లిపోవడం. వాలు కదా, నీరు నిలవదులే అనుకుంటాం. అడుగున బంకమన్ను ఉంటే అక్కడా నిలుస్తుంది. నాటే చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి, పుల్ల గుచ్చి గంటలో ఎంత దిగిందో కొలవండి. 1 నుంచి 3 అంగుళాలు దిగితే మంచి నేల. అంగుళం కూడా దిగకపోతే ఆ చోటు వదిలేయండి. 3 దాటితే పశువుల ఎరువు, ఆకుచెత్త ఎక్కువ వేయాలి. గుంత గోడలూ చూడండి, ఎర్రమట్టిలో బూడిదరంగు మచ్చలుంటే నీరు నిలుస్తున్నట్టే. వాన పడిన రెండు మూడు రోజుల్లో మాత్రం ఇది చేయొద్దు, తడినేలలో లెక్క తప్పుతుంది.