సిమ్‌సిటీ 2000లో ఊరు పెరగట్లేదా? మనోళ్ల కంప్లైంట్లు, వాటి వెనక అసలు కారణాలు

పాత పిక్సెల్ బొమ్మల గేములంటే ప్రాణం పెట్టేవాళ్లు మన కర్నూల్లో చానామందే ఉండారు, వాళ్లలో సిమ్‌సిటీ 2000 ముట్టనోడు తక్కువ. 1993లో మాక్సిస్ కంపెనీ వాళ్లు తెచ్చిన, సొంతంగా ఊరు కట్టి నడుపుకునే గేమ్ ఇది, ఫోన్లో ఇట్లాంటిదే థియోటౌన్ అనే గేమ్ ఆడేవాళ్లకైతే ఆ ఏటవాలు బొమ్మలు చూడంగానే ఆ పోలిక తెలిసిపోతాది. అయితే ఆడినోళ్ల మాటలు వింటే ఒకటే గోల. బోర్ అన్నా అంటాడు ఒకడు, డబ్బులు మిగలవు అంటాడు ఇంకొకడు, పవర్ ప్లాంట్ ఊరికే పేలిపోయింది దాంట్లో బగ్ ఉండాది అంటాడు మూడోవాడు. నేను చెప్పేదేందంటే ఈ కంప్లైంట్లలో చానా మటుకు గేమ్ బాగాలేక వచ్చేవి కావు, ఎక్కడ తేడా కొట్టిందో అది నోరు తెరిచి చెప్పదు కాబట్టి వచ్చేవి. ఇప్పటి గేములు బాణం గుర్తు పెట్టి ఇక్కడ నొక్కు అని చెప్తాయి, ఇది అట్ల కాదు, అన్నీ చూపిస్తాది కానీ నువ్వే పోయి చూడాల. షిఫ్ట్ పట్టుకుని ఏ గడి మీద క్లిక్ చేసినా దాని జాతకం మొత్తం బయటికొస్తాది, మ్యాప్ విండో తెరిస్తే పవర్ గ్రిడ్, నీళ్లు, పొల్యూషన్, క్రైమ్, ల్యాండ్ వాల్యూ అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఆ రెండూ చూడకుండా గేమ్‌ని తిట్టొద్దండప్పా, ప్లీజ్.

"గేమే సరిగా నడవట్లేదు"

ఇది తొందరగా తేల్చేద్దాం. పాత సీడీలో ఇన్‌స్టాలర్ 16-బిట్‌ది అయితే ఇప్పటి 64-బిట్ విండోస్ దాన్ని దగ్గరికే రానీదు, దానికోసం గంటలు గంటలు కుస్తీ పట్టేకంటే డాస్ వెర్షన్‌ని డాస్‌బాక్స్ అనే, పాత గేములు నడిపే ప్రోగ్రామ్‌లో ఆడుకోవడం సుఖం. డాస్‌బాక్స్‌లో మౌస్ కూడా నత్తలాగ కదుల్తాంటే సైకిల్స్ (అంటే గేమ్‌కి ఇచ్చే ప్రాసెసర్ వేగం) తక్కువున్నట్టు, కంట్రోల్ ఎఫ్12 నొక్కితే పెరుగుతాయి, ఎక్కువైతే కంట్రోల్ ఎఫ్11. మౌస్ ఆ విండోలోనే ఇరుక్కుపోతే కంట్రోల్ ఎఫ్10. ఫుల్ స్క్రీన్‌కి ఆల్ట్ ఎంటర్. మౌస్ బాగానే ఉండి నెలలు మాత్రం కదలకపోతే అది కంప్యూటర్ తప్పు కాదు, స్పీడ్ మెనూలో తాబేలు పెట్టుకోనుంటారు. తాబేలు, లామా, చిరుత అని ఉంటాయి చూడండి, ఊరు కట్టేటప్పుడు తాబేలు, కట్టడం అయినాక చిరుత.

"జోన్ వేసినా ఇండ్లు రావట్లేదు"

జోన్ అంటే నేల మీద రంగు పరిచి ఇక్కడ ఇండ్లు (పచ్చ), ఇక్కడ షాపులు, ఇక్కడ ఫ్యాక్టరీలు అని కేటాయించడం. అన్నిటికంటే ఎక్కువ వినే కంప్లైంట్ ఇదే, దీనికి కారణాలు కూడా ఒకటి కాదు. ముందు రోడ్డు దూరం చూడాల. ఈ గేమ్‌లో మనుషులు రోడ్డుకి 3 గళ్ల లోపలే ఉండాల, అంతకంటే లోపలికి పోతే ఆ స్థలంలో ఎవరూ ఇల్లు కట్టరు. మనోళ్లు ఏం చేస్తారంటే చుట్టూ రోడ్డు గీసి మధ్యలో 10 గళ్ల వెడల్పుతో పచ్చ రంగు పరిచేసి కూర్చుంటారు, రోడ్డు పక్కన 3 వరసలు ఇటు, 3 వరసలు అటు ఇండ్లు లేస్తాయి, మధ్యలో 4 వరసలు ఎన్నేండ్లైనా బీడుగానే ఉంటాది. రెండు రోడ్ల మధ్య 6 గళ్లు పెట్టుకోండి చాలు. ఇంకో లాభం కూడా ఉండాది, డెన్స్ జోన్‌లో (అంటే పెద్ద బిల్డింగులకి పెట్టే జోన్‌లో) వచ్చేవి 3 గళ్లు పొడవు 3 గళ్లు వెడల్పు ఉంటాయి కాబట్టి 6 గళ్లలో అవి రెండు వరసలుగా ఎదురుబొదురుగా సరిగ్గా పట్టేస్తాయి, ఒక్క గడి కూడా వేస్ట్ కాదు.

రోడ్డు బాగానే ఉండి కూడా రాకపోతే ఆర్, సీ, ఐ బార్లు చూడాల, అవి ఇండ్లు, షాపులు, ఫ్యాక్టరీల డిమాండ్ చూపిస్తాయి. పచ్చ బార్ కిందికి దిగి ఉంటే జనాలకి ఇండ్లు వద్దని అర్థం, ఆ టైంలో ఇంకా ఇంకా పచ్చ జోన్ వేసుకుంటూ పోతే డబ్బు దండగ తప్ప ఒక్క గుడిసె రాదు. ఊరు చిన్నగా ఉన్నప్పుడు పనులు కావాల, అంటే పసుపు జోన్, ఫ్యాక్టరీలు ఎక్కువ పడాల, నీలం జోన్ అంటే షాపులు కొద్దిగా ఉంటే సరిపోతాది. జనం పెరిగే కొద్దీ ఫ్యాక్టరీల మీద మోజు తగ్గి షాపులు, ఆఫీసుల డిమాండ్ పైకి పోతాది, ఆ మార్పు వచ్చినప్పుడు మనం కూడా మారాల. చానామంది మొదట వేసిన లెక్కనే చివరిదాకా పట్టుకొని వేలాడతారు, 50 వేల జనాభా దాటినాక కూడా ఫ్యాక్టరీలే వేస్తాంటే ఊరు ఎట్ల పెరుగుతాది చెప్పండి. ఊరు పెద్దదయ్యి బార్లు మళ్లీ మొండికేస్తే ఫ్యాక్టరీలకి ఓడరేవు, వ్యాపారానికి ఎయిర్‌పోర్ట్ కావాల, మ్యాప్ అంచు దాకా రోడ్డు లాగి పక్క ఊరికి కనెక్షన్ ఇయ్యాల.

ఇంకొకటి, డిమాండ్ లేకపోవడానికి ట్యాక్స్ కూడా కారణమే. మొదట్లో 7 శాతం ఉంటాది, అది పెంచేసి ఇండ్లు రావట్లేదంటే ఏం లాభం.

"కరెంటు మెరుపు గుర్తు పోవట్లేదు"

బిల్డింగ్ మీద పసుపు మెరుపు కొట్టుకుంటాంటే రెండిట్లో ఒకటి, లైను తెగినట్టు లేకపోతే ప్లాంట్ కెపాసిటీ అయిపోయినట్టు. ఎట్ల తెలుసుకోవాలంటే, ఒక వీధి మొత్తానికి మెరుపు ఉంటే లైను సమస్య, ఊరంతా అక్కడక్కడ చెల్లాచెదరుగా కనిపిస్తే కెపాసిటీ సమస్య. కరెంటు ఒక బిల్డింగ్ నుంచి పక్క బిల్డింగ్‌కి దానంతట అదే పాకుతాది గానీ రోడ్డు దాటదు. అదే చానామందికి తెలియదు. రోడ్డుకి అటు పక్క కొత్తగా జోన్ వేస్తే రోడ్డు మీదుగా ఒక్క కరెంటు తీగ లాగితే చాలు, మొత్తం వెలుగుతాది.

ఇప్పుడు ఆ పేలుడు సంగతి. అది బగ్ కాదప్పా. పవర్ ప్లాంట్లకి 50 ఏండ్లే ఆయుష్షు. 1900లో ఊరు మొదలుపెట్టి ఒక బొగ్గు ప్లాంట్ పెట్టుకుంటే 1950 నాటికి అది పోవాల్సిందే, పోతే ఆ నిమిషం ఊరంతా చీకటి, ఖజానాలో డబ్బు లేకుంటే ఇంక కోలుకోవడం కష్టం. ప్లాంట్ మీద క్వెరీ (అదే, పైన చెప్పిన షిఫ్ట్ క్లిక్) కొట్టి వయసు చూసుకోండి, 45 దాటితే పక్కన కొత్తది కట్టి పెట్టుకోండి, పాతది తర్వాత కూల్చుకోవచ్చు. డిజాస్టర్లు (వరదల్లాంటి ప్రమాదాలు) ఆఫ్ చేసి ఆడేవాళ్లకి మాత్రం డబ్బు ఉంటే గేమే దాన్ని మళ్లీ కట్టేస్తాది, అందుకే ఒకడికి పేలుతాది ఇంకొకడికి పేలదు, ఇద్దరూ కొట్లాడుకుంటారు.

అసలు చావు లేని ప్లాంట్లు రెండున్నాయి, గాలిమర, జలవిద్యుత్. నా ఓటు ఎప్పుడూ జలవిద్యుత్‌కే. లెక్క చూడండి, బొగ్గు ప్లాంట్ 4,000 డాలర్లు, 200 మెగావాట్లు. జలవిద్యుత్ ఒక్కోటి 400 డాలర్లు, 20 మెగావాట్లు. పది పెడితే సరిగ్గా అదే డబ్బు, అదే కరెంటు, పొగ లేదు, 50 ఏండ్ల గొడవ లేదు. మరి ఎందుకు పెట్టరంటే "నది మీద పెడితే ఒప్పుకోవట్లేదన్నా" అంటారు. శ్రీశైలం డ్యామ్ చూసి పెరిగినోళ్లం కదా, నదికి అడ్డంగా కట్టాల అనుకుంటాం, అది సహజమే. ఈ గేమ్‌లో నదికి అడ్డం కాదు, జలపాతం గడి మీదనే కట్టాల. జలపాతం లేకుంటే మనమే చేసుకోవచ్చు, కొండ ఏటవాలు మీద నీళ్ల టూల్‌తో ఒక గడి క్లిక్ చేస్తే అది జలపాతం అయితాది, దానికి 100 డాలర్లు. ఆ ఖర్చు కూడా వద్దంటే ఊరు మొదలుపెట్టకముందు మ్యాప్ ఎడిట్ చేసే ఆప్షన్ ఉండాది, అక్కడ కొండలు, నీళ్లు అన్నీ ఫ్రీ. తుంగభద్రని పైన పారించి హంద్రీని కింద నుంచి తెచ్చి కలిపి, ఒక పక్క జగన్నాథగట్టు లాంటి గుట్ట లేపి, దాని వాలు మీద వరసగా జలపాతాలు పెట్టుకొని ఊరు మొదలుపెట్టి చూడండి, కరెంటుకి ఢోకా ఉండదు. వెళ్లే కొద్దీ ఇంకా కావాలంటే అదే గుట్ట పక్కన ఇంకో నాలుగు.

"పంపు పెట్టినా నీళ్లు రావట్లేదు"

పంపుకి కరెంటు ఇచ్చినారా? ముందు అది చూడండి, ఊరి బయట పంపు పెట్టి తీగ లాగడం మర్చిపోతారు. కరెంటు ఉంటే అండర్‌గ్రౌండ్ వ్యూకి పోండి, పైపుల్లో నీళ్లు కదుల్తా కనిపిస్తాయి, ఎక్కడ కదలడం ఆగిపోయిందో అక్కడే తెగింది. నది ఒడ్డున ఆనుకుని పెట్టిన పంపు ఎక్కువ నీళ్లిస్తాది, ఎక్కడో మిట్ట మీద పెట్టిందానికంటే చానా నయం. నీళ్లు లేకపోయినా ఊరు మొదట్లో పెరుగుతాది కాబట్టి పేదగా ఉన్నప్పుడు దీనిమీద డబ్బు పోయొద్దని నా సలహా.

"జనవరి వస్తే చాలు ఖజానా ఖాళీ"

బడ్జెట్ ఏడాదికి ఒకసారే తేలుతాది. మనోళ్లు ఈజీ మోడ్‌లో ఇచ్చిన 20,000 డాలర్లు మొదటి ఏడాదే స్కూలు, కాలేజీ, హాస్పిటల్, పోలీస్ స్టేషన్, ఫైర్ స్టేషన్, అన్నీ కట్టేస్తారు, పట్టుమని వెయ్యి మంది జనం ఉండరు. కట్టిందానికంటే ప్రతి ఏడాది వాటిని నడిపే ఖర్చే చంపుతాది. ముందు జోన్లు, రోడ్డు, కరెంటు, అంతే. ట్యాక్స్ వచ్చి మిగిలినాక ఒక్కోటి కట్టుకోండి.

డబ్బు మిగలట్లేదని రోడ్ల ఫండింగ్ 100 శాతం నుంచి తగ్గించేవాళ్లుండారు, అది మాత్రం చెయ్యొద్దు. రోడ్లు గడి గడిగా విరిగిపోతాయి, మళ్లీ వేసుకునేదానికి మిగిల్చింది కూడా పాయె, పైగా విరిగిన చోటు నుంచి ఇండ్లకి దారి లేక జనం ఖాళీ చేస్తారు. బాండ్ అంటే 10,000 డాలర్ల అప్పు, వడ్డీ ఏటా కట్టాల. ఆ డబ్బుతో జోన్లు వేసి ట్యాక్స్ రాబట్టే పని ఉంటే తీసుకోండి, జీతాలకి తీసుకుంటే మునిగినట్టే. హార్డ్ మోడ్‌లోనైతే చేతిలో ఉన్న 10,000 కూడా అప్పే, అది గుర్తుపెట్టుకొని ఖర్చు పెట్టాల.

"ట్రాఫిక్ తగ్గట్లేదు, రైలు వేసినా ఎవరూ ఎక్కట్లేదు"

స్టేషన్ కట్టినారా? పట్టాలు వేస్తే సరిపోదు, ఇండ్ల దగ్గర ఒక స్టేషన్, పనుల దగ్గర ఒక స్టేషన్ ఉండాల. హైవేకి కూడా ఇదే కథ, ర్యాంప్ లేకుంటే ఒక్క బండి ఎక్కదు. బస్ స్టేషన్లు అక్కడక్కడ పెడితే రోడ్లు కొంచెం ఊపిరి పీల్చుకుంటాయి. రాజ్‌విహార్ సెంటర్లో సాయంత్రం నిలబడినోళ్లకి జంక్షన్ల బాధ నేను చెప్పక్కరలేదు, గేమ్‌లో కూడా ప్రతి 3 గళ్లకి ఒక క్రాస్ రోడ్డు పెట్టకుండా పొడవు వీధులు వేసినోళ్ల ఊర్లే బాగా నడుస్తాయని నా అభిప్రాయం.

పొగ గురించి ఒక్క మాట. ఫ్యాక్టరీలని మ్యాప్ అంచుకి తోసేయండి, పొగలో సగం మ్యాప్ బయటికి పోతాది.

"వరద వచ్చి సగం ఊరు పోయింది"

దీన్ని తేలిగ్గా మాట్లాడలేను. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి మన ఊర్లోకి వచ్చినప్పుడు చూసినోళ్లకి గేమ్‌లో నీలం గళ్లు ఇండ్ల మీదికి పాకుతాంటే ఏదోలా ఉంటాది. కారణం ఇక్కడ కూడా అదే, నీళ్ల పక్కన పల్లంలో కట్టడం. నది ఒడ్డున భూమి ధర ఎక్కువ కాబట్టి అందరం అక్కడే ఇండ్ల జోన్ వేస్తాం. పరిష్కారం, ఒడ్డున కొన్ని వరసలు వదిలి పార్కులు, చెట్లు పెట్టండి, ఇండ్లకి పెట్టే నేలని ముందే ఒకటి రెండు మెట్లు లేపండి. ఊరు కట్టినాక లేపాలంటే బిల్డింగులు కూల్చాల, ఖర్చు, తలనొప్పి. మ్యాప్ ఎడిట్ చేసేటప్పుడే ఈ పని చేసుకుంటే పైసా ఖర్చు కాదు.

"బోర్ అన్నా, ఏం జరగదు"

తాబేలు స్పీడ్ గురించి పైన చెప్పినా, అది కాకుండా అంటున్నారంటే వాళ్లకి నా జవాబు ఏందంటే 1900లో మొదలుపెట్టండి. 2050లో మొదలుపెడితే అన్ని ప్లాంట్లు రెడీగా ఉంటాయి, ఎదురుచూసేది ఏమీ ఉండదు. 1900లో బొగ్గు, ఆయిల్, జలవిద్యుత్, ఇంతే, అణు ప్లాంట్ కావాలంటే 1955 దాకా ఆగాల, సోలార్‌కి 1990. మధ్యలో గేమ్‌లో వచ్చే పేపర్ చదవండి, జనం దేనిమీద మండిపోతాండారో సర్వే లాగ వేస్తాడు దాంట్లో, క్రైమా, ట్రాఫిక్కా, ట్యాక్సా, ఆ ఒక్కటి పట్టుకొని పది ఏండ్లు దానిమీదే పని చెయ్యండి. మన కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని, ఉన్నట్టుండి ఆఫీసులన్నీ ఊరి మీద పడినాయి. ఆ సీన్ గేమ్‌లో పెట్టుకోండి, 1953 వచ్చేసరికి 30 వేల జనంతో ఊరు రెడీ చేసుకొని, మూడేండ్లలో ఎంతమందికి ఇండ్లు చూపించగలమో చూద్దాం అని ఆడండి, బోర్ అనే మాట నోటికి రాదు.

పరిష్కారం లేని కంప్లైంట్ కూడా ఒకటుండాది, దాన్ని ఒప్పుకోవాల. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్న పాతబస్తీ వంకర సందులు ఈ గేమ్‌లో రావు. రోడ్లు నిలువు, అడ్డం, అంతే. కింద షాపు, పైన ఇల్లు కూడా కుదరదు, జోన్ అంటే ఒకటే పని. ఏటవాలు రోడ్లైనా కావాలంటే 2003లో వచ్చిన సిమ్‌సిటీ 4కి పోండి, దాంట్లో మూల నుంచి మూలకి రోడ్డు వేయొచ్చు, కాకపోతే అది కొంచెం బరువైన గేమ్, పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద ఊరు లోడ్ చేసేముందు సేవ్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి.