సిబిల్ స్కోరు లేని కుర్రాడికి సొంత బండి: ముద్రా తరుణ్ లోనుకు దరఖాస్తు చేసే విధానం

క్లీనరుగా ఎక్కి, స్టీరింగు చేతికొచ్చి, నాలుగైదేళ్లు వేరేవాళ్ల బండి తోలిన కుర్రాడిని ఏ బండి కావాలని అడిగితే చిన్న బండి పేరు చెప్పడు. పన్నెండు టైర్ల లారీ అంటాడు. అద్దం మీద ఇలవేల్పు పేరు, వెనక డాలా మీద సొంత ఊరి పేరు కూడా అప్పటికే రాసేసుకుని ఉంటాడు. చాసిస్, బాడీ, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే ఆ లారీ ముప్పై లక్షలు దాటుతుంది. జీతం చేతికి నగదుగా వస్తుంది, బ్యాంకులో ఏనాడూ అప్పు తీసుకోలేదు, సిబిల్ అంటే ఏమిటో తెలియదు. ఇలాంటి కుర్రాడు నేరుగా లారీ షోరూముకు వెళ్తే అక్కడే కూర్చున్న ఫైనాన్స్ మనిషి ఏ కాగితం మీద సంతకం పెట్టమంటే దాని మీద పెట్టి వస్తాడు. అలా కాకుండా ప్రభుత్వ పథకంలో వెళ్లే దారి ఏమిటో, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఆ దారి పేరు ప్రధానమంత్రి ముద్రా యోజన, చిన్న వ్యాపారాలకు బ్యాంకుల ద్వారా లోన్లు ఇప్పించే కేంద్ర పథకం. 2015 ఏప్రిల్ 8న మొదలైంది. ఇందులో 50 వేల వరకు శిశు, 50 వేల నుంచి 5 లక్షల వరకు కిశోర్, 5 నుంచి 10 లక్షల వరకు తరుణ్. 2024 బడ్జెట్లో ప్రకటించి, అదే ఏడాది అక్టోబరులో అమల్లోకి తెచ్చిన తరుణ్ ప్లస్ 20 లక్షల వరకు ఇస్తుంది. కానీ అంతకుముందు తరుణ్ లోను తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకే అది. కిరాయికి తిప్పే సరుకు రవాణా బండి ముద్రా కిందికి వస్తుంది. సొంతానికి వాడుకునే తెల్ల బోర్డు బండి రాదు. కాబట్టి పన్నెండు టైర్ల లారీ మొదటి లోనులో రాదు. మొదట టాటా ఏస్, దోస్త్, బొలెరో పికప్ లాంటి చిన్న బండి, దాని కిస్తీలు సక్రమంగా కట్టిన రికార్డు, ఆ రికార్డు చూపించి పెద్ద బండి. ఆశను చిన్నది చేసుకోమనడం లేదు. అసలు రికార్డే లేనివాడికి ఇంతకంటే క్షేమమైన దారి నాకు కనబడలేదు.

స్కోరు లేకపోవడం తప్పు కాదు

తీసుకున్న అప్పులు ఎలా తీర్చారో చెప్పే అంకె సిబిల్ స్కోరు, అది 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఎప్పుడూ అప్పు తీసుకోనివాళ్ల రిపోర్టులో ఆ అంకె బదులు మైనస్ ఒకటి అనో, చరిత్ర లేదు అనో వస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు, ఖాళీ పేజీ. మొదటిసారి అప్పు అడిగేవాళ్ల దరఖాస్తును చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 6న ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బ్రాంచిలో అవసరం పడుతుంది. అయితే అడిగినవాళ్లందరికీ లోను ఇవ్వాలని దాని అర్థం కాదు. స్కోరు లేనప్పుడు మిగతావన్నీ ఇంకా శ్రద్ధగా చూస్తారు.

దరఖాస్తుకు ముందు మీ రిపోర్టు మీరే తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కోటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఖాళీగా ఉందనుకున్న రిపోర్టులో ఎప్పుడో వాయిదాల మీద కొన్న సెల్‌ఫోను బాకీయో, స్నేహితుడి బైకు లోనుకు పెట్టిన ష్యూరిటీ సంతకమో బయటపడొచ్చు. బ్యాంకు ఆఫీసరు అడిగినప్పుడు తెల్లమొహం వేసేకంటే ముందే తెలుసుకోవడం మేలు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది బ్యాంకు ఖాతా. కనీసం ఆరు నెలల ముందు నుంచి జీతం, బత్తా ఖాతాలో వేయమని మీ ఓనరును అడగండి. నగదే ఇస్తానంటే ఆ నగదు మీరే జమ చేయండి. స్టేట్‌మెంటులో ఆఫీసరు చూసేది మూడు విషయాలు: నెలనెలా డబ్బు వస్తోందా, వచ్చిన రోజే మొత్తం పోతోందా, చెక్కుగానీ ఆటో డెబిట్‌గానీ బౌన్స్ అయ్యిందా. పదో తారీఖు దాటాక కూడా ఖాతాలో నాలుగైదు వేలు నిలిచి ఉంటే, కిస్తీ కట్టగలడన్న నమ్మకం కుదరడానికి అదొక సాక్ష్యం. ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్‌లకు పోయిన డబ్బు కూడా అందులో పేరుతో సహా కనిపిస్తుందని మరిచిపోవద్దు.

తర్వాత ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్, పాన్ ఉంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్లో మీరే చేసుకోవచ్చు, ఒక్క రూపాయి ఫీజు లేదు. వ్యాపారం ఏమిటన్న చోట రోడ్డు మీద మోటారు వాహనాలతో సరుకు రవాణా అన్నది ఎంచుకోండి, దాని కోడ్ 49231. అచ్చం ఇలాగే కనిపించే ప్రైవేటు సైట్లు వెయ్యి, రెండు వేలు వసూలు చేస్తుంటాయి, జాగ్రత్త.

లైసెన్సు సంగతి. రవాణా బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న రవాణా బండికి ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. అంటే పికప్‌కు వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదు. పెద్ద లారీకి మాత్రం హెవీ తప్పదు.

వీటితో పాటు ఆధార్, పాన్, ఫొటోలు, ఇంటి చిరునామా రుజువు, ఎన్నేళ్లుగా డ్రైవరుగా చేస్తున్నారో మీ ఓనరు రాసిచ్చిన లెటరు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అయితే కుల ధ్రువీకరణ పత్రం.

కొటేషన్, రాబడి లెక్క

డీలరు ఇచ్చే కొటేషన్ మీ పేరు మీద, డీలరు ముద్రతో ఉండాలి. ఎక్స్‌షోరూమ్ ధర, ఇన్సూరెన్సు, రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ విడివిడిగా రాయించుకోండి. సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత ధరల పట్టీ చూపిస్తే ఒప్పుకోవద్దు. చాసిస్ మాత్రమే కొని విజయవాడ ఆటోనగర్‌లోనో మరోచోటో బాడీ కట్టించుకునేట్లయితే, బాడీ కట్టేవాళ్ల కొటేషన్ కూడా దరఖాస్తులోనే జతచేయాలి. లోను శాంక్షన్ అయ్యాక బాడీ ఖర్చు కలపమంటే కలపరు. అప్పుడు ఆ లక్షో, లక్షన్నరో బయట వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తుంది, ఎందరో కుర్రాళ్లు మొదటి ఏడాదే కుంగిపోయేది అక్కడే.

ఇక రాబడి లెక్క. బ్యాంకు దీన్ని ప్రాజెక్టు రిపోర్టు అంటుంది. నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి ముద్రించుకున్న రిపోర్టు ఆఫీసరు ముందు రెండు ప్రశ్నలకు మించి నిలబడదు. మీ లెక్క మీరే వేయండి. ఉదాహరణకు ఒక పికప్ లెక్క ఇలా ఉండొచ్చు, అంకెలు పద్ధతి చూపడానికి మాత్రమే. మంచి నెలలో కిరాయిలు 70,000. డీజిల్ 26,000, టైర్లు, మరమ్మతులకు పక్కన పెట్టేది 7,000, ఇన్సూరెన్సు, ట్యాక్సు, ఫిట్‌నెస్‌కు నెలవారీ వాటా 4,000, టోలు, పార్కింగు, ఎత్తుడు కూలి 3,000. మిగిలేది 30,000. 8 లక్షల లోను, 11 శాతం వడ్డీ, 60 నెలలు అనుకుంటే కిస్తీ సుమారు 17,394. ఇంటికి 12,600 మిగులుతుంది.

మంచి నెల లెక్క ఎవరైనా వేస్తారు. గుంటూరు మిర్చి యార్డుకు లోడు తోలేవాడిని ఆఫీసరు అడిగే ప్రశ్న ఒకటే: సీజను అయిపోయాక ఏం తోలతావు? నూజివీడు మామిడికైనా, భీమవరం చేపలకైనా అదే ప్రశ్న. పలచటి నెలలో కిరాయిలు 45,000కు పడితే డీజిల్ 16,000కు తగ్గుతుంది కానీ టైర్లు, ఇన్సూరెన్సు వాటాలు తగ్గవు. చేతిలో 15,000 మిగిలితే కిస్తీకే చాలదు, ఇంట్లోకి రూపాయి రాదు. ఆ నెలలకు సిమెంటు, కిరాణా డిస్ట్రిబ్యూటరు లోడు, పార్సిల్ ఆఫీసు పని, ఏదో ఒకటి ముందే మాట్లాడుకుని, బండి పెడితే పని ఇస్తామని ఆ వ్యాపారి దగ్గర లెటరు తెచ్చుకోండి. నా అనుభవంలో ఆస్తి కాగితాల కంటే ఈ లెటరుకే విలువ ఎక్కువ. రెండు కిస్తీలకు సరిపడా డబ్బు ఖాతాలో విడిగా ఉంచుకున్నాకే బండి దింపండి.

మార్జిన్ మనీ కింద బ్యాంకును బట్టి ధరలో 10 నుంచి 25 శాతం మీరు పెట్టుకోవాలి. తొమ్మిదిన్నర లక్షల బండికి 8 లక్షల లోను అడిగితే లక్షన్నర మీది.

దరఖాస్తు

రెండు మార్గాలున్నాయి. ఒకటి, జీతం పడుతున్న ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లి ముద్రా దరఖాస్తు ఫారం నింపడం. రెండు, ప్రభుత్వ పథకాల లోన్లకు ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకునే జన్‌సమర్థ్ పోర్టల్, 2022 జూన్‌లో మొదలైంది. అందులో బిజినెస్ లోన్లు అన్న భాగంలో ముద్రా ఎంచుకుని, అర్హత ప్రశ్నలకు జవాబులిచ్చి, మొబైల్ ఓటీపీతో ఖాతా తెరవాలి. ఆధార్, పాన్, ఉద్యమ్ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు, కొటేషన్ పెట్టాక బ్యాంకును, బ్రాంచిని ఎంచుకోమంటుంది. ఆధార్‌లో, పాన్‌లో పేరు అక్షరాలు ఒకేలా లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది, ముందే సరిచేయించండి. ఆన్‌లైన్లో వచ్చేది సూత్రప్రాయ ఆమోదమే. చివరి మాట బ్రాంచిదే, కాబట్టి ఆ నంబరు పట్టుకుని బ్రాంచికి వెళ్లక తప్పదు.

ముద్రా సంస్థ నేరుగా ఎవరికీ అప్పు ఇవ్వదు, ఏజెంట్లను పెట్టుకోలేదు. ముద్రా లోను పాసైంది, ఫీజు కట్టండి అని ఫోన్ వస్తే అది మోసం.

బ్రాంచిలో ఇల్లో పొలమో తనఖా పెట్టమనవచ్చు. 10 లక్షల లోపు సూక్ష్మ వ్యాపార లోనుకు బండి తప్ప వేరే ఆస్తి తనఖా అడగకూడదు. ఈ లోన్లకు కేంద్రం పెట్టిన గ్యారంటీ నిధి ఉంది. ఆ గ్యారంటీ బ్యాంకుకు, మీకు కాదు. కట్టకపోతే బాకీ మీ పేరు మీదే ఉంటుంది, బండీ పోతుంది.

దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, అది మీ హక్కు. ఆ కారణమే తర్వాతి దరఖాస్తులో సరిచేయాల్సిన విషయం. సమాధానమే రాకపోతే బ్యాంకుకు ఫిర్యాదు రాసి, 30 రోజులు చూసి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో పెట్టవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. ఒకేసారి నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టవద్దు. ప్రతి బ్యాంకూ మీ రిపోర్టు తీసినట్టు ఆ రిపోర్టులోనే నమోదవుతుంది.

సంతకానికి ముందు

శాంక్షన్ లెటరుతో పాటు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇది తప్పనిసరి. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే శాతం అందులో ఉంటుంది. ఎవరు లోను ఇచ్చినా, బ్యాంకైనా ప్రైవేటు ఫైనాన్సైనా, ఆ అంకె చూశాకే సంతకం.

ఎందుకంటే, షోరూములో ముప్పావలా వడ్డీ అని చెబుతారు. వందకు నెలకు 75 పైసలు, ఏడాదికి 9 శాతం. బ్యాంకు 11 శాతం కంటే చవకగా వినిపిస్తుంది. కానీ అది ఫ్లాట్ వడ్డీ. అసలు తీరుతున్నా మొదటి రోజు అసలు మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. 8 లక్షలకు ఐదేళ్లలో వడ్డీ 3,60,000, కిస్తీ 19,333. బ్యాంకులో తగ్గే బాకీ మీద 11 శాతానికి ఐదేళ్ల వడ్డీ 2,43,640. తేడా లక్షా పదహారు వేలు. ముప్పావలా వడ్డీ అన్నది బ్యాంకు లెక్కలోకి మారిస్తే 16 శాతం దగ్గరికి చేరుతుంది. చదువుకోలేదని, తొందరలో ఉన్నాడని చూసి ఈ తేడాను దాచడం నాకు చాలా బాధ కలిగించే విషయం, అందుకే ఇంత వివరంగా రాశాను.

బండి దిగాక

లోను డబ్బు మీ చేతికి రాదు, డీలరు ఖాతాకు వెళ్తుంది. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20, డీలరు ఇచ్చే ఫారం 21, కంపెనీ ఇచ్చే ఫారం 22, బ్యాంకు పేరు ఆర్సీలో ఎక్కడానికి ఫారం 34 కావాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు. పెద్ద రకం పికప్‌లు కొన్ని ఈ గీత దాటుతాయి, కొనేముందే చూసుకోండి. కొత్త బండి ఫిట్‌నెస్ రెండేళ్లు, ఆ తర్వాత ఎనిమిదో ఏడు వరకు రెండేళ్లకోసారి, అక్కడి నుంచి ఏటా. ఇన్సూరెన్సులో ఓనర్ డ్రైవరుకు 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో చూడండి, ఆ కొద్ది ప్రీమియం మిగుల్చుకోవద్దు.

కిస్తీ తేదీకి రెండు రోజుల ముందే ఖాతాలో డబ్బు ఉంచండి. 2025 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సిబిల్ లాంటి సంస్థలకు వివరాలు పంపాలి, ఆలస్యం త్వరగా రిపోర్టుకెక్కుతుంది. లోడు దొరక్క ఒక నెల ఇబ్బంది అయితే కిస్తీ తప్పాక కాదు, తప్పకముందే బ్రాంచికి వెళ్లి చెప్పండి. ఏటా ఐటీ రిటర్ను వేయండి. చిన్న సరుకు బండికి నెలకు 7,500 రాబడిగా చూపే సులువు పద్ధతి ఉంది, పుస్తకాలు రాయనక్కర్లేదు. రేపు పెద్ద లారీకి వెళ్లినప్పుడు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.

చివరి కిస్తీ కట్టాక బ్యాంకు నుంచి ఎన్ఓసీ (బాకీ లేదన్న కాగితం), సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చి ఆర్సీ మీద బ్యాంకు పేరు తీయించండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. రిపోర్టులో లోను ముగిసినట్టు పడిందో లేదో కూడా చూడండి. తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దరఖాస్తు పెట్టేటప్పుడు మొదటి లోను తీరిందని చూపాల్సింది ఈ కాగితాలతోనే. లారీ ధరలో మిగతా భాగానికి మీ పాత బండి అమ్మిన సొమ్ము, ఈ ఐదేళ్లలో కూడబెట్టినది కలపాలి.