ఇంటి ఆయుధ నియమాలు ఎక్కడ బెడిసికొడతాయి

ఇంటి నియమాలంటే ఆటగాళ్లు తమ బల్ల దగ్గర సొంతంగా పెట్టుకునేవి. లెక్కలన్నీ పాచికలతో, పాత్రలు ధరించి ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ పద్ధతిలో వేసినవే. ఆట ఉదయగిరి కోట ముట్టడి మీద నడుస్తోందనుకోండి: కింద రాయల సేన, కొండ మీద గజపతి సైనికులు.

సమస్య: అందరూ రెండు చేతుల పెద్ద కత్తే తీసుకుంటున్నారు

కారణం: పెద్ద కత్తికి రెండు డి6లు (ఆరు ముఖాల పాచికలు), అంటే సగటున 7 డ్యామేజ్ (శత్రువుకు జరిగే నష్టం). ఒంటిచేత్తో వాడే పొడవు కత్తికి డి8, సగటు 4.5. బాకుకు డి4, 2.5. డ్యామేజ్ ఒక్కటే చూస్తే బాకు పట్టేవాడెవడు? చాలామంది బాకుకు డి6 ఇచ్చి సరిపెడతారు. దాంతో అది పొట్టి కత్తి అయిపోతుంది గానీ, పెద్ద కత్తి మోజు తగ్గదు.

పరిష్కారం: పాచికలు ముట్టుకోకండి, చోటుకు విలువ ఇవ్వండి. 5 అడుగుల ఇరుకు దారిలో, కోట వాకిలి మలుపులో పెద్ద కత్తితో కొడితే డిసడ్వాంటేజ్: డి20 రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. శత్రువు మీదికి దూకినప్పుడు బల్లెం పట్టినవాడికి తన వంతు కాకపోయినా రియాక్షన్‌తో ఒక పోటు. ఒకరినొకరు పట్టుకుని కలబడుతుంటే బాకుకు అడ్వాంటేజ్: రెండింట్లో ఎక్కువది తీసుకోవాలి.

సమస్య: ఆరితేరిన వీరుడే ఎక్కువసార్లు కత్తి జారవిడుస్తున్నాడు

డి20 మీద 1 పడితే ఆయుధం జారిపోవాలనే నియమం చాలా ఆట బల్లల దగ్గర ఉంది. ఇది తీసేయదగ్గ నియమం అని మా గట్టి అభిప్రాయం.

కారణం: ఒక్క దెబ్బ వేసే కొత్త సైనికుడికి ఒక టర్న్‌లో 1 పడే అవకాశం 5 శాతం. రెండు దెబ్బలు వేసే ఐదో లెవెల్ ఫైటర్‌కు 9.75, నాలుగు వేసే ఇరవయ్యో లెవెల్ వాడికి దాదాపు 18.5. కాటమరాజుతో తలపడిన ఖడ్గ తిక్కనంతటి వాడు నిన్న చేరిన బంటు కంటే మూడున్నర రెట్లకు పైగా కత్తి పారేసుకుంటాడన్నమాట.

పరిష్కారం: ఉంచి తీరాలంటే టర్న్‌లో మొదటి దెబ్బకే వర్తింపజేయండి. ఆయుధం జారనివ్వకండి, అతని మీద తర్వాత పడే ఒక్క దెబ్బకు శత్రువుకు +2 ఇవ్వండి, చాలు.

సమస్య: కవచం డ్యామేజ్ తగ్గిస్తుందని పెట్టగానే చిన్న ఆయుధాలు చచ్చుబడ్డాయి

కారణం: కవచం 4 తగ్గిస్తుందనుకోండి. బలం బోనస్ +2 ఉన్నవాడి పెద్ద కత్తి సగటు 9 నుంచి 5కి దిగుతుంది, అంటే దాదాపు సగం. అదే చేతిలో బాకు 4.5 నుంచి 0.75కి పడిపోతుంది. పైగా దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె, అంటే ఆర్మర్ క్లాస్‌ను అలాగే ఉంచితే ఒకే కవచం రెండుసార్లు పనిచేసినట్టే.

పరిష్కారం: తగ్గింపు 2 దాటనివ్వకండి, అంతే మేర ఆర్మర్ క్లాస్ తగ్గించండి. తగిలిన దెబ్బకు కనీసం 1 డ్యామేజ్ ఉండాలి. బాకు సందులు వెతికి దిగే ఆయుధం కాబట్టి దానికి తగ్గింపు సగమే.

సమస్య: ఒక్క పోరాటం పూటంతా సాగుతోంది

దెబ్బ ఎక్కడ తగిలింది, ఆయుధం విరిగిందా అని ప్రతిసారీ వేరే పాచిక వేయడమే కారణం. వాటిని 20 పడినప్పుడే వేయండి. డి20తో పాటే డ్యామేజ్ పాచికలూ ఒకే చేత్తో విసరండి.

ఏ నియమమైనా బల్ల మీదికి తెచ్చే ముందు సమాన బలమున్న ఇద్దరిని కాగితం మీద పది రౌండ్లు కొట్టించండి. తర్వాత ఆయుధాలు మార్చి మళ్లీ పది. రెండుసార్లూ ఒకే ఆయుధం చాలా తేడాతో గెలిస్తే, ముందు దానికిచ్చిన అదనపు వెసులుబాటు తీసేసి చూడండి. పాచిక మార్చడం ఆ తర్వాతే.